పిల్లలున్న ఇంట్లో వైఫై: హద్దు ఎందుకు? ఎలా?

కర్నూలైనా కడపైనా ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే పిల్లలు మధ్యాహ్నానికే ఇల్లు చేరతారు. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ కాబట్టి సాయంత్రం ఐదు దాకా గడప దాటనివ్వం. అమ్మానాన్నలు పనుల మీద ఉంటారు. ఇంట్లో జేజి ఉంటుంది, గోడకు వైఫై బాక్సు ఉంటుంది. ఆ నాలుగైదు గంటలూ పిల్లల చేతిలో ఏముంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఎండలు ముదిరే కొద్దీ ఇక్కడి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే: "నెట్ పీకేయకుండా, పిల్లల వరకే హద్దు పెట్టుకునే దారుందా?"

ఉంది. చాలా ఇళ్లలో పైసా ఖర్చు లేకుండానే ఉంది. అయితే అది ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ చేయదు, ఎందుకు చేయదు అన్నవి తెలుసుకుని మొదలుపెట్టాలి. తెలియకుండా మొదలుపెట్టినవాళ్లు వారం తిరక్కుండానే "ఇవన్నీ దండగ" అని వదిలేస్తున్నారు. అలా వదిలేయకూడదనే ఈ వివరమంతా.

ఇంత నెట్ మన ఇళ్లలోకి ఎప్పుడు వచ్చింది?

2016 సెప్టెంబరు 5న జియో మొదలయ్యేదాకా మన పల్లెల్లో డేటాను ఎంబీల లెక్కన పొదుపుగా వాడేవాళ్లు. పిల్లలకు హద్దును ఆ ధరే పెట్టేది. జియో రాకతో ఆ హద్దు పోయింది. మరుసటి ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు, పన్నులు అదనంగా, టీవీ చానళ్లు, ఫోను, నెట్ మూడూ ఇస్తామన్న పథకం అది. దాని తీగను కరెంటు స్తంభాల మీదుగానే లాగారు కాబట్టి, స్తంభం ఉన్న ఊరికల్లా నెట్ చేరే వీలు కలిగింది. ఇళ్లకు కనెక్షన్ ఇచ్చింది మాత్రం అంతకుముందు డిష్ పెట్టి టీవీ చానళ్లు ఇచ్చిన కేబుల్ ఆపరేటర్లే.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, మన సమస్యలో సగం ఇక్కడే ఉంది. పట్నాల్లో కొందరు తమ రౌటర్ తామే కొనుక్కుంటారు. మన దగ్గర బాక్సు ఆపరేటర్ తెస్తాడు, ఆయనే బిగిస్తాడు, దాని లోపలి పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది. మన ఇంట్లోకి ఏం రావాలో తేల్చే తాళంచెవి మన ఇంట్లో లేదన్నమాట. అందుకే మొదటి పని సెట్టింగులు మార్చడం కాదు, ఆపరేటర్‌కు ఫోన్ చేసి, "అన్నా, మా బాక్సు అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పన్నా, పిల్లలకు లాక్ పెట్టుకోవాల" అని అడగడం. చాలామంది చెబుతారు. కొందరు "నేనే వచ్చి పెడతాలే" అంటారు, అదీ మంచిదే. వచ్చినప్పుడు పక్కన కూర్చుని ఏ గడిలో ఏం నింపాడో చూసి రాసుకోండి.

కనెక్షనే తీసేస్తే పోలేదా?

కొందరు అదీ చేశారు. కానీ కడప, రాజంపేట, రాయచోటి వైపు ఎన్నో ఇళ్లలో తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంటుంది, లేదా తండ్రి డ్రైవరుగా అక్కడ ఉంటాడు. పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతుంటారు. శుక్రవారం సెలవు రోజున ఆ తల్లి బిడ్డ ముఖం చూసేది వీడియో కాల్‌లోనే. అలాంటి ఇంట్లో నెట్ తీసేయడమంటే బిడ్డకు తల్లిని దూరం చేయడమే. చదువుల సంగతీ అంతే. దరఖాస్తులు, హాల్‌టికెట్లు, ఫలితాలు, పాఠాలు అన్నీ నెట్ మీదికి చేరాయి. ఎమ్మిగనూరులో చదివే అమ్మాయికి కోచింగ్ సెంటరు అందకపోయినా పాఠం యూట్యూబ్‌లో దొరుకుతోంది. అది మన ప్రాంతానికి చిన్న మేలు కాదు.

మరి ఆపాల్సింది ఏది? నా లెక్కలో నాలుగు. వయసుకు తగని బొమ్మలు, వీడియోలు. డబ్బు పెట్టి ఆడే ఆటలు, బెట్టింగు. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాటలు. అర్ధరాత్రి దాకా ఎడతెగని చూపు. వీటిలో మొదటిదాన్ని బాక్సు బాగా ఆపగలదు. రెండోదాన్ని కొంత ఆపుతుంది. మూడోదాన్ని దాదాపు ఆపలేదు. నాలుగోదాన్ని మాత్రం అన్నిటికంటే బాగా ఆపుతుంది. ఏ ఇంట్లోనైనా నేను ముందు చేయమనేది ఆ నాలుగోదే. నిద్ర చెడితే చదువూ, తిండీ, కోపమూ అన్నీ చెడతాయి.

చిన్నపిల్లల విషయంలో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది సూటిగా ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు అప్పుడప్పుడు బంధువులతో వీడియో కాల్ తప్ప తెర అసలే వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కనుండగా. అన్నం తినడం లేదని ఫోన్ ముందు పెట్టే అలవాటును ఏ రౌటర్ సెట్టింగూ మాన్పించదు. అది పెద్దల చేతిలోనే ఉంది.

బాక్సు చెడ్డ సైటును ఎలా ఆపుతుంది?

ఇది అర్థమైతే మిగతా అంతా సులువు. ఫోన్‌లో ఏదైనా సైటు పేరు కొట్టగానే అది నేరుగా అక్కడికి పోలేదు. నెట్‌లో ప్రతి సైటుకూ అంకెల చిరునామా ఒకటి ఉంటుంది. పేరు చెబితే ఆ అంకెలు చెప్పే కంప్యూటర్లు వేరే ఉంటాయి. వాటినే డీఎన్‌ఎస్ సర్వర్లంటారు. కర్నూలు వన్‌టౌన్ సందుల్లో ఇల్లు వెతికే కొత్త మనిషి మూలమీది టీకొట్టు దగ్గర ఆగి అడుగుతాడే, ఆ పనే ఇది. టీకొట్టాయన దారి చెబితే పోతాడు, "అట్లాంటి ఇల్లు లేదు నాయనా" అంటే వెనక్కి తిరుగుతాడు.

మామూలుగా మన బాక్సు నెట్ కంపెనీ పెట్టిన డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. అది మంచిచెడ్డలు చూసుకోకుండా దాదాపు ఏ పేరడిగినా చిరునామా చెప్పేస్తుంది. దాని బదులు, పెద్దలకు మాత్రమే అనదగ్గ సైట్ల పేర్లు అడిగితే చిరునామా చెప్పని డీఎన్‌ఎస్‌లు కొన్ని ఉచితంగా దొరుకుతున్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 ఏప్రిల్‌లో కుటుంబాల కోసం మొదలుపెట్టిన దాని అంకెలు 1.1.1.3, రెండోది 1.0.0.3. ఇంకా గట్టిగా కావాలంటే క్లీన్‌బ్రౌజింగ్ అనే సంస్థ ఫ్యామిలీ ఫిల్టర్ ఉంది. దాని అంకెలు 185.228.168.168, 185.228.169.168. ఇది గూగుల్ వెతుకులాటలో సేఫ్‌సెర్చ్‌నూ, యూట్యూబ్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్‌నూ బలవంతంగా పెట్టిస్తుంది. పదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి ఇదే నయం.

మార్చే పద్ధతి చెబుతాను. బాక్సును గోడ మీంచి కొంచెం ఎత్తి అడుగున చూడండి. అక్కడ తెల్ల చీటీ మీద చిన్న అక్షరాల్లో వైఫై పేరు, దాని పాస్‌వర్డ్ ఉంటాయి. కొన్నింటి మీద లోపలికి వెళ్లే చిరునామా, యూజర్ నేమ్ కూడా ఉంటాయి. ఫోన్‌ను ఆ వైఫైకే కలిపి, బ్రౌజర్‌లో పైన ఆ చిరునామా కొట్టాలి. చాలా బాక్సులకు అది 192.168.1.1. జియో ఫైబర్ బాక్సులకు 192.168.29.1. లాగిన్ అయ్యాక ల్యాన్ లేదా డీహెచ్‌సీపీ అన్న పేజీలో ప్రైమరీ డీఎన్‌ఎస్, సెకండరీ డీఎన్‌ఎస్ అని రెండు గడులుంటాయి. పాత అంకెలు ఒక కాగితం మీద రాసుకుని, వాటి చోట కొత్తవి పెట్టి సేవ్ చేయండి. ఆ తర్వాత ఇంట్లోని ఫోన్లన్నిటికీ వైఫై ఒకసారి ఆపి మళ్లీ కలపాలి. లేకపోతే అవి పాత డీఎన్‌ఎస్‌నే అడుగుతుంటాయి.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి చెడ్డ సైటు తెరిచి చూడాల్సిన పనిలేదు. క్లౌడ్‌ఫ్లేర్ పెట్టినవాళ్లకు ఆ సంస్థే ఖాళీ పరీక్ష పేజీ ఒకటి ఉంచింది: న్యూడిటీ డాట్ టెస్ట్‌కేటగిరీ డాట్ కామ్. ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. తెరుచుకోలేదంటే కాపలా పనిచేస్తున్నట్టే.

తెరుచుకుందా? అయితే కారణం చాలావరకు ఐపీవీ6. నెట్‌లో పాత రకం చిరునామాలు, కొత్త రకం చిరునామాలు రెండూ నడుస్తున్నాయి. జియో లాంటి కంపెనీలు కొత్త రకాన్ని బాగా వాడతాయి. మనం పాత రకానికి మాత్రమే కాపలా పెడితే ఫోన్ కొత్త దారిన కంపెనీ డీఎన్‌ఎస్‌నే అడిగి వచ్చేస్తుంది. అందుకని ఐపీవీ6 పేజీలోని డీఎన్‌ఎస్ గడిలో 2606:4700:4700::1113 అని కూడా పెట్టాలి. "లాక్ పెట్టినా పనిచేయలేదు" అన్నవాళ్లు ముందు చూసుకోవాల్సిన చోటు ఇదే.

కొన్ని బాక్సుల్లో ఈ గడులను కంపెనీ ముట్టనివ్వదు. అప్పుడు ఆపరేటర్‌ను అడగాలి. ఆయన చేతిలోనూ లేకపోతే మామూలు రౌటర్ ఒకటి కొని, కంపెనీ బాక్సుకు తీగతో కలిపి, ఇల్లంతా ఆ రౌటర్ వైఫైనే వాడుకోవాలి. కంపెనీ బాక్సు వైఫై ఆపేయాలి. రౌటర్ ఖర్చు తప్పదు గానీ తాళంచెవి పూర్తిగా మన చేతికి వస్తుంది.

యూట్యూబ్‌లో పాఠాలు ఉంచి, మిగతావి ఆపలేమా?

అందరూ అడిగేది ఇదే. బాక్సుతో అది కాదు. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ ఫోన్‌కూ తనకూ మధ్య మాటను గుప్తంగా, మూడోవాడికి అర్థంకాని రూపంలో పంపుతుంది. బ్యాంకు లావాదేవీలు భద్రంగా ఉండేదీ దానివల్లే. మధ్యలో ఉన్న బాక్సుకు కనిపించేది ఏ సైటుకు వెళ్తున్నారన్నది మాత్రమే. లోపల ఏం చూస్తున్నారో కనిపించదు. పదో తరగతి లెక్కల పాఠమూ, షార్ట్సూ యూట్యూబ్ అన్న ఒకే పేరు కింద వస్తాయి. బాక్సుకు రెండూ ఒకటే. ఆపితే రెండూ ఆగుతాయి, వదిలితే రెండూ వస్తాయి. పాత బాక్సుల్లో "ఈ మాట ఉన్న పేజీలు ఆపు" అనే గడి ఒకటుంటుంది. గుప్తంగా వచ్చే పేజీల్లో మాటలు బాక్సుకు కనబడవు కాబట్టి ఆ గడి ఇప్పుడు దాదాపు దండగే.

టెలిగ్రామ్‌దీ ఇదే కథ. ఆ యాప్‌ను వదిలామంటే లోపలి చానళ్లన్నీ వదిలినట్టే. పైరసీ సినిమాలూ, ఇంకా నానారకాల వీడియోలూ అక్కడే తిరుగుతుంటాయి. చిన్నపిల్లల ఫోన్‌లో ఆ యాప్ ఉండనక్కర్లేదు.

యూట్యూబ్‌కు ఉన్న దారి రిస్ట్రిక్టెడ్ మోడ్. క్లీన్‌బ్రౌజింగ్ పెట్టుకున్న ఇంట్లో అది దానంతట అదే వస్తుంది. కామెంట్లు కనబడవు, పెద్దల వీడియోలు చాలావరకు దాక్కుంటాయి. కానీ జల్లెడలో తెలుగు బూతు మాటలు అన్నీ పడవు. మన సినిమా పాటల రీమిక్సుల పేరుతో, కామెడీ పేరుతో వచ్చేవి కొన్ని దాటుకుని వస్తాయి. పక్కన కూర్చుని చూసే పెద్ద మనిషికి ఇక్కడ ప్రత్యామ్నాయం లేదు.

రాత్రి ఫలానా టైముకు ఆగేలా ఎలా?

బాక్సు ప్రతి ఫోన్‌నూ మ్యాక్ అడ్రస్ అనే గుర్తుతో పట్టుకుంటుంది. పేరెంటల్ కంట్రోల్ అన్న పేజీలో పిల్లల ఫోన్ గుర్తును ఎంచుకుని, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఆరు దాకా ఆపమని పెట్టొచ్చు. అయితే ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు తమ అసలు గుర్తును దాచి వైఫైకి కల్పిత గుర్తు చూపిస్తున్నాయి. మన మేలు కోసమే పెట్టిన ఏర్పాటు అది. కానీ పిల్లోడు ఆ సెట్టింగు మారిస్తే బాక్సుకు అది కొత్త ఫోన్‌లా కనబడుతుంది. అలా మనం పెట్టిన నియమం గాలికి పోతుంది.

దానికంటే గట్టిది పిల్లలకు వేరే వైఫై పేరు పెట్టడం. చాలా బాక్సుల్లో ఒకటికి మించి వైఫై పేర్లు పెట్టుకోవచ్చు, లేదా గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది. పిల్లల ఫోన్లు, ట్యాబులు, టీవీ ఆ పేరు మీదే ఉండాలి. పెద్దల వైఫై పాస్‌వర్డ్ మార్చేయాలి. రాత్రయ్యాక పిల్లల వైఫై మాత్రమే ఆగుతుంది. ఇక్కడొక జాగ్రత్త. నాన్న ఫోన్ తెరిచి వైఫై పేరు మీద షేర్ నొక్కితే క్యూఆర్ బొమ్మ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కింద పాస్‌వర్డ్ అక్షరాల్లో కూడా కనబడుతుంది. ఆ దారి ఏడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. పెద్దల ఫోన్‌కు లాక్ లేని ఇంట్లో పెద్దల వైఫైకీ లాక్ లేనట్టే.

ఇక గడియారం సంగతి. టైము పెట్టేముందు బాక్సులో టైమ్ జోన్ అన్న గడిలో భారత కాలం, అంటే ప్లస్ 5:30 ఉందో లేదో చూడండి. అది గ్రీన్‌విచ్ కాలంలోనే ఉండిపోతే మీరు రాత్రి తొమ్మిదికి పెట్టిన లాక్ తెల్లవారుజామున రెండున్నరకు పడుతుంది. పైగా మన దగ్గర గాలివాన వచ్చిందంటే కరెంటు పోతుంది. చాలా బాక్సుల్లో బ్యాటరీ ఉండదు కాబట్టి కరెంటు పోగానే గడియారం మరిచిపోయి, తిరిగొచ్చాక నెట్ నుంచి టైము అడిగి తెచ్చుకుంటాయి. ఎన్‌టీపీ అన్న ఆ ఏర్పాటు ఆఫ్‌లో ఉంటే బాక్సు 1970 జనవరి 1 దగ్గరే నిలబడిపోవచ్చు. కరెంటు పోయి వచ్చిన రోజు ఒకసారి చూసుకోవడం మంచిది.

బాక్సు వెనక సూది పట్టేంత రంధ్రం ఒకటుంటుంది. దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టింగులన్నీ చెరిగి కొత్త బాక్సులా అయిపోతుంది. కొన్నిసార్లు నెట్ కూడా ఆగిపోతుంది, ఆపరేటర్ వచ్చి మళ్లీ ఎక్కించాలి. అందుకే బాక్సును పిల్లల చేయి అందని ఎత్తులో బిగించుకోవడం మేలు.

సిమ్ డేటా ఉండగా వైఫైకి లాక్ పెట్టి ఏం లాభం?

బాక్సు పెట్టే హద్దు ఇంటి గోడల దాకే. ఫోన్‌లో సిమ్ ఉంటే డేటా ఆన్ చేసుకుంటారు, మేడెక్కితే పక్కింటి వైఫై దొరుకుతుంది. కోసిగి, మంత్రాలయం వైపు వలసెళ్లే కుటుంబాలకు బాక్సే ఉండదు. ఉండేది ఒక ఫోను, అందులో ఒక సిమ్ము. అలాంటి చోట హద్దు ఫోన్‌లోనే పెట్టాలి.

ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో నెట్‌వర్క్ సెట్టింగుల కింద ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఉంటుంది. అక్కడ ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్-డీఎన్‌ఎస్ డాట్ కామ్ అని ఇంగ్లిష్‌లో రాస్తే సరి. వైఫై అయినా, సిమ్ డేటా అయినా, పక్కింటి సిగ్నల్ అయినా ఆ ఫోన్ దాన్నే అడుగుతుంది. నిమిషం పని, ఖర్చు లేదు. ఈ వ్యాసమంతా చదివే ఓపిక లేనివాళ్లకు ఒక్కటే చెప్పాలంటే నేను ఇదే చెబుతాను.

అయితే పెట్టినదాన్ని తీసేయడమూ అంతే సులువు. టీకొట్టాయన చెప్పకపోతే పక్క సందులో ఇంకొకరిని అడిగినట్టు, పిల్లలు వేరే డీఎన్‌ఎస్ పెట్టుకోవచ్చు, లేదా ఉచిత వీపీఎన్ యాప్ వేసుకోవచ్చు. వీపీఎన్ అంటే అన్ని అభ్యర్థనలనూ ఎక్కడో ఉన్న వేరే కంప్యూటర్ మీదుగా తిప్పి తెచ్చేది. అలా తిరిగి వచ్చేది మన కాపలాకు కనబడదు. ఉచితంగా దొరికే వీపీఎన్‌లలో కొన్ని వాడేవాళ్ల సమాచారాన్నే అమ్ముకుంటాయి కాబట్టి ఆ యాప్ చెడ్డ సైటు కంటే పెద్ద బెడద. దాన్ని ఆపాలంటే కొత్త యాప్ ఏది దించుకోవాలన్నా పెద్దల అనుమతి కావాలన్న నియమం ఉండాలి. గూగుల్ ఫ్యామిలీ లింక్ ఆ పని ఉచితంగా చేస్తుంది. పిల్లోడు యాప్ అడిగితే తల్లి ఫోన్‌కు కబురు వస్తుంది, ఆమె ఒప్పుకుంటేనే దిగుతుంది. ఏ యాప్ రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఫోన్ మూతపడాలన్నదీ అక్కడినుంచే పెట్టొచ్చు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఇదే పని చేస్తుంది.

ఫ్యామిలీ లింక్‌కు దూరంతో పనిలేదు. కువైట్‌లో ఉన్న తల్లి అక్కడ తన ఫోన్‌లోంచే రాయచోటిలో ఉన్న కొడుకు ఫోన్‌కు టైము పెట్టగలదు. జేజికి సెట్టింగులు తెలియకపోయినా ఫర్వాలేదు. ఫోన్ కాల్స్‌నూ, తల్లి మాట్లాడే వీడియో కాల్ యాప్‌నూ ఎప్పుడూ తెరిచి ఉండేలా పెట్టడం మాత్రం మరవకూడదు. కువైట్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా. అక్కడ ఆమె పని ముగిసి ఫోన్ పట్టుకునేసరికి ఇక్కడ రాత్రి పదిన్నర, పదకొండు అవుతుంది. తొమ్మిదిన్నరకే అన్నీ ఆపేస్తే ఆ ఒక్క పలకరింపూ పోతుంది.

ప్రభుత్వం ఇచ్చిన ట్యాబుల్లో లాక్ ఉంది కదా?

2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టింది. బైజూస్ పాఠాలు ఎక్కించి, పాఠాలు తప్ప వేరేవి తెరుచుకోకుండా ఎండీఎం అనే సాఫ్ట్‌వేర్ వేశారు. మరుసటి ఏడాదీ అదే రోజున పంచారు. పేదింటి పిల్లల హద్దుల గురించి ఇంత పెద్ద ఎత్తున ఆలోచించిన సందర్భం మన రాష్ట్రంలో నాకు ఇంకొకటి కనబడదు. ఆ ఆలోచన సరైనదే.

దాన్నుంచి ఇంటికి తీసుకోవాల్సింది రెండు. ఆ లాక్ ఆ ట్యాబుకే పరిమితం, పక్కనే ఉన్న నాన్న ఫోన్‌కు లేదు. పైగా దాని పగ్గాలు విద్యాశాఖ దగ్గరున్నాయి గానీ తల్లి చేతిలో లేవు. ఏ లాక్ అయినా ఇంట్లో నిలవాలంటే ఇంట్లో ఒకరికి అది ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి. ఆ ఒకరు తండ్రే కానక్కర్లేదు. డిగ్రీ చదివే అక్క కావచ్చు, బాబాయి కావచ్చు.

చట్టాలు తమ వంతు చేస్తున్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంటోంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలే లేకుండా చేసింది. అయినా విదేశంలో కూర్చుని రోజుకో పేరు మార్చే బెట్టింగు సైటు మన చట్టానికి వెంటనే దొరకదు. ఆ పేర్లలో చాలావాటిని డీఎన్‌ఎస్ జల్లెడ కూడా పట్టదు. పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో యూపీఐ యాప్ లేకుండా చూసుకోవడం వీటన్నిటికంటే గట్టి కాపలా.

పిల్లలకు చెప్పి పెట్టాలా, చెప్పకుండా పెట్టాలా?

చెప్పే పెట్టాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. చెప్పకుండా పెట్టిన లాక్‌ను పిల్లలు రెండు రోజుల్లో కనిపెడతారు. ఇక అక్కణ్నుంచి దాన్ని దాటడమే వాళ్లకు పని. "తొమ్మిదిన్నరకు నెట్ ఆగుతుంది, పరీక్షల ముందు పాఠాలకు కావాలంటే అడుగు, తెరుస్తా" అని చెప్పి, అడిగినప్పుడు నిజంగా తెరిస్తే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. ఎనిమిదేళ్ల పిల్లకు పెట్టిన హద్దే పదహారేళ్లకూ ఉంచితే నిలవదు. ఏటా బడి తెరిచే ముందు ఒకసారి కూర్చుని కొంచెం కొంచెం సడలించాలి. ఇంటర్‌కు హాస్టల్‌కు వెళ్లాక మన బాక్సు వెంట రాదు కదా.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన ప్రాంతంలో హద్దు అనగానే ముందు ఆడపిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కుంటాం. అదే ఇంట్లో మగపిల్లాడు రాత్రి ఒంటిగంట దాకా క్రికెట్ బెట్టింగు చూస్తున్నా పట్టించుకోం. ఇది అన్యాయం మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఎవడో అమ్మాయి ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరించాడనుకోండి. "ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుంటారు, చదువు మానిపిస్తారు" అన్న భయం ఉన్న పిల్ల నోరు తెరవదు. వాడికి కావాల్సిందీ ఆ మౌనమే. నియమం పెడితే ఇద్దరికీ ఒకటే పెట్టండి. "ఏం జరిగినా నాకు చెప్పు, నిన్ను తిట్టను, ఫోన్ తీసుకోను" అని ముందే మాటివ్వండి. ఇచ్చిన మాట మీద నిలబడండి.

అలాంటిది జరిగితే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి, మెసేజీలు చెరపకండి, అడిగిన డబ్బు పంపకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. పిల్లల సాయానికి 1098. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలపై లైంగిక నేరాల గురించి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. ఈ రెండు నంబర్లూ పిల్లలకు కూడా నోటికి వచ్చి ఉండాలి.

వచ్చే ఆదివారం గంట సేపు తీరిక చేసుకోండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లల ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్, బాక్సులో కుటుంబ డీఎన్‌ఎస్, రాత్రికి ఒక టైము, ఈ మూడూ పెట్టండి. దానికి కావాల్సిన అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం ఈరోజే ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. నెల నెలా డబ్బు కట్టేది మీరు, కాబట్టి మొహమాటపడకుండా అడిగి తీసుకోండి.